హోల్టర్ స్టిక్కర్లు రాత్రికే ఊడిపోయాయి, అంటుకున్న చోట పొక్కులు. రెండోసారి పెట్టుకోవాలి, ఏం చేయాలి?

మిషనక్క (వెస్ట్ మాంబళం, చెన్నై):

అందరికీ నమస్కారం. నేను వెస్ట్ మాంబళంలో బ్లౌజులు కుడతాను. పుట్టింది సూళ్లూరుపేట పక్కన పల్లె, పెళ్లయి చెన్నై వచ్చి 26 ఏళ్లు. వయసు 48. రెండు నెలలుగా గుండె దడ. మిషన్ ముందు కూర్చుని ఉంటే ఉన్నట్టుండి లోపల చేప ఎగిరిపడినట్టు ఒక దెబ్బ, తర్వాత కాసేపు గబగబా కొట్టుకోవడం. ఈసీజీ తీశారు, నార్మల్. అది తీసే పది సెకన్లలోనే దడ రావాలని లేదు కదా. అందుకని డాక్టరమ్మ 24 గంటల హోల్టర్, అంటే ఒంటికి కట్టుకుని తిరిగే ఈసీజీ మిషన్, పెట్టించుకోమంది.

ల్యాబుకి ఫోన్ చేస్తే, "మిషన్ ఉన్నంతసేపు స్నానం చేయకూడదు" అని ఒక్క ముక్క చెప్పి పెట్టేశారు. మే నెల, కత్తిరి ఎండలు, రోజంతా స్నానం లేకుండా ఎలా? సరే, వెళ్లేముందే ఒంటిని మెరిసేట్టు చేసుకుని వెళ్దామనుకున్నా. పైగా ఆ రోజు శుక్రవారం. నువ్వులనూనె ఒళ్లంతా పట్టించి, సున్నిపిండితో నలుచుకుని, పసుపు రాసుకుని, తలంటు పోసుకున్నా. ఆపైన మెడ నుంచి పొట్ట దాకా చెమటకాయల పౌడరు. పెళ్లికూతురిలా తయారై వెళ్లాను.

అక్కడ అబ్బాయి దూదికి స్పిరిట్ అద్ది ఏడు చోట్ల ఒక్కొక్క గీత గీసి, అది ఆరకముందే ఏడు స్టిక్కర్లు టపటపా అంటించేశాడు. వైర్లు తగిలించి, చిన్న మిషన్ నడుముకి కట్టి పంపించాడు. అంతా కలిపి ఐదు నిమిషాలు.

స్టేషన్ వంతెన ఎక్కి దిగేసరికే ఛాతీ మీద చెమట ధార కట్టింది. సాయంత్రానికి ఎడమ రొమ్ము కింద స్టిక్కర్ ఒక అంచు లేచింది. నేను ఊరుకుంటానా, ఇంట్లో ఉన్న తెల్ల ప్లాస్టర్ తీసి, గట్టిగా సాగదీసి, అడ్డంగా రెండు పట్టీలు వేశాను. రాత్రి పదకొండుకి ఇంకోటి లేచింది, దానికీ వేశాను. తెల్లవారేసరికి రెండు స్టిక్కర్లు చీర కుచ్చిళ్లలో దొరికాయి.

రిపోర్ట్ చూసి, "సగం గీతలు చెత్త, దడ వచ్చిన టైములో ఏమీ కనపడలేదు, మళ్లీ చేయాలి, ఈసారి 48 గంటలు" అన్నారు. డబ్బు పోయింది సరే. చర్మం సంగతి చెప్పాలి. ప్లాస్టర్ వేసిన చోట అంచుల వెంబడి నీటి పొక్కులు. రొమ్ము కింద చిన్న చిన్న చెమటకాయలు. ఇంకో రెండు చోట్ల స్టిక్కర్ తీసిన రోజు ఏమీ లేదు, మూడో రోజు నుంచి దురద మొదలై గుండ్రంగా నల్లబడి, అంచు దాటి పాకింది. "ఎర్రబడిందా?" అని ఫోన్లో అడిగారు. నా రంగుకి ఎరుపెక్కడ కనపడుతుంది, కందితే నల్లగానే కనపడుతుంది.

ఇంకో మాట. నా తాళి గొలుసు సరిగ్గా మధ్య స్టిక్కర్ మీదే పడి రాసుకుంటూ ఉండింది. తీయమని వాళ్లు అనలేదు, నాకూ మనసొప్పలేదు.

వచ్చే వారం మళ్లీ పెట్టాలి. స్టిక్కర్ ఊడకుండా, ఒళ్లు పొక్కకుండా ఏం చేయాలో పెట్టుకున్నవాళ్లు చెప్పండి. "డాక్టర్ని అడగండి" అని మాత్రం రాయొద్దు, ఆవిడ దగ్గర నాకు దొరికేది మూడు నిమిషాలు.

వేపచెట్టు నీడ (పెరంబూరు):

అక్కా, ముందు రోజు రాత్రి పసుపు, వేపాకు నూరి ఛాతీకి పట్టించండి. ఏ పొక్కూ రాదు. స్టిక్కర్ పెట్టే ముందు డెట్టాల్ నీళ్లతో తుడిస్తే ఇంకా మంచిది. మా అత్తగారికి అలాగే చేశాం.

నెల్లూరు టెక్నీషియన్ (చెన్నై):

అక్కా, నేను పదకొండేళ్లుగా ఈ స్టిక్కర్లు అంటించే పనిలోనే ఉన్నాను. మీకు పెట్టిన అబ్బాయిని తిడదామని మొదలుపెట్టి ఆగిపోయాను. ఉదయం పూట వరుసగా పద్నాలుగు మంది కూర్చుని ఉంటే నేనూ అలా చేసిన రోజులున్నాయి. కాని పద్ధతి అది కాదు.

వేపచెట్టు గారూ, ఏమీ అనుకోకండి, మీరు చెప్పినవి రెండూ వద్దు. పసుపు ముద్ద ఆరితే చర్మం మీద పొడిలా నిలుస్తుంది, జిగురు చర్మానికి బదులు ఆ పొడిని పట్టుకుంటుంది. డెట్టాల్ తడి స్టిక్కర్ కింద ఇరుక్కుంటే రెండు రోజులు అక్కడే మండుతుంది.

అక్కా, మీరు వెళ్లిన తీరు చదివి నవ్వాను, మన్నించండి. మా అమ్మా ఇంతే చేస్తుంది. శుభ్రం వేరు, ఈ మిషన్‌కి కావలసిన శుభ్రం వేరు. నూనె ఉంటే జిగురు పట్టదు. పౌడరు ఉంటే పౌడరుకే పడుతుంది. మీకు కావలసింది మామూలు సబ్బు, నీళ్లు, పొడి తువ్వాలు, అంతే. ముందు రోజు నుంచే ఛాతీ మీద నూనె, క్రీము, చందనం, పౌడరు ఏవీ వద్దు. తలకి కూడా ఆ రోజు నూనె పెట్టకండి, మెడ మీదుగా జారుతుంది. శుక్రవారం అపాయింట్‌మెంట్ ఇస్తే వద్దనండి!

ఇక మేము చేయాల్సిన పని. చర్మం పైపొర అంటే చనిపోయిన కణాల పొర, మిల్లీమీటరులో వందో వంతో రెండు వంతులో మందం ఉంటుంది. కరెంటు లోపలి నుంచి బయటికి రావాలంటే పెద్ద అడ్డు అదే. గరుకు గాజుగుడ్డతోగాని, దానికోసమే వచ్చే సన్నటి గరుకు పట్టీతోగాని మూడు నాలుగు సార్లు మెల్లగా రుద్దితే ఆ పొర పలచబడుతుంది. రక్తం రాకూడదు, మంట పుట్టకూడదు. గుండె నుంచి ఛాతీ పైకి వచ్చే సిగ్నల్ సుమారు ఒక మిల్లీవోల్టు. చర్మం సాగినప్పుడు చర్మమే కొన్ని మిల్లీవోల్టులు పుట్టిస్తుంది! పైపొరని కాస్త రుద్దితే ఆ గోల చాలా తగ్గుతుంది. పట్టు సరిగా లేకపోతే గోడలోని 50 హెర్ట్‌జ్ కరెంటు కూడా గీతల్లో దూరుతుంది. మీ రిపోర్టులో చెత్త అన్నది చాలావరకు ఈ రెండే అయి ఉంటుంది. రోజుకి లక్ష దాకా కొట్టుకునే గుండెలో మీకు కావలసిన ఐదారు దెబ్బలు ఆ చెత్త కింద పోతే ఎవరికి దొరుకుతాయి?

స్పిరిట్ వాడితే పూర్తిగా ఆరాలి. లెక్క పెట్టండి, నిమిషం పడుతుంది. "ఆరనీ నాయనా" అని మీరే చెప్పండి, మాకు కోపం రాదు. పొక్కి ఉన్న చోట మాత్రం రుద్దనివ్వకండి, స్పిరిట్ పెట్టనివ్వకండి. పక్కనే ఒక అంగుళం జరిపి పెట్టించుకోండి. ఎంత జరపవచ్చో మాకు తెలుసు, ఇంట్లో మీ అంతట మీరు జరపకండి.

రొమ్ము మడత లోపల పెట్టనివ్వకండి. అక్కడ గాలి ఆడదు, చెమట నిలుస్తుంది. మడత దాటాక కిందికి, పక్కటెముక మీద పెట్టమనండి. ఎముక మీద పెడితే ఇంకో లాభం ఉంది. మీరు కత్తెర పట్టుకుని చేయి ఆడించినప్పుడు కండ కదలిక గీతల్లోకి అంతగా రాదు.

వైరు బటన్ ముందుగా స్టిక్కర్‌కి తగిలించి, ఆ తర్వాతే ఒంటికి అంటించాలి. అంటించాక బటన్ నొక్కితే మధ్యలో ఉన్న జెల్ చిట్లి జిగురు కిందికి పాకుతుంది, అక్కడితో ఆ స్టిక్కర్ పని అయిపోయినట్టే. నొక్కాల్సింది అంచులని, వేలితో గుండ్రంగా. వైరు ఒక చుట్ట చుట్టి ఒక పట్టీతో ఒంటికి కట్టేయాలి, లాగుడు ఆ చుట్ట మీద పడాలి, స్టిక్కర్ మీద కాదు.

మీ పొక్కుల గురించి. మీరు చెప్పిన మూడూ మూడు రకాలని నాకు అనిపిస్తోంది. ప్లాస్టర్ అంచున నీటి పొక్కులు సాగదీయడం వల్ల. సాగిన ప్లాస్టర్ వెనక్కి ముడుచుకుంటూ చర్మాన్ని పట్టుకుని లాగుతుంది. మడత కింద సన్నటివి చెమటకాయలు. మూడో రోజు దురద మొదలై అంచు దాటి పాకినది మాత్రం అలర్జీలా ఉంది. జిగురు పడకపోతే అలాగే రెండు మూడు రోజులు ఆలస్యంగా వస్తుంది. ఒక మాట అడుగుతా, మీకు స్టిక్కర్ బొట్టుబిళ్ళ పడుతుందా?

తాళి గొలుసు: తీయక్కర్లేదు. వెనక్కి తిప్పుకోండి, లేకపోతే పసుపుతాడుకి పుస్తెలు గుచ్చి పైకి, మెడకి దగ్గరగా కట్టుకోండి. రాసుకున్న ప్రతిసారీ గీత ఎగిరిపడుతుంది, దడలా కనపడుతుంది.

(హోల్టర్ అంటే కంపెనీ పేరనుకుంటారు చాలామంది. అమెరికాలో మోంటానా రాష్ట్రంవాడు నార్మన్ హోల్టర్, ఆయన పేరు. 1940ల్లో ఆయన చేసిన మొదటి మిషన్ వీపు మీద మోయాల్సి వచ్చేది, బరువు దాదాపు 38 కిలోలు. మీ నడుముకి కట్టినదాన్ని తిట్టే ముందు ఇది గుర్తుపెట్టుకోండి.)

మిషనక్క:

తమ్ముడూ, బొట్టుబిళ్ళ సంగతి నీకెలా తెలిసింది? పదేళ్ల కిందట నుదుటి మీద దురద పుట్టి, గుండ్రంగా తెల్లమచ్చ పడింది. అప్పటి నుంచి కుంకుమే. ఆ తెలుపు పోవడానికి రెండేళ్లు పట్టింది. ఈ రెండింటికీ సంబంధం ఉందా?

సాగదీసిన ప్లాస్టర్ మాట మాత్రం ఇట్టే అర్థమైంది. బ్లౌజు చేతికి ఎలాస్టిక్ లాగి పట్టి కుట్టి వదిలితే గుడ్డ కుచ్చులు పడుతుంది. నేను నా ఒంటి మీద అదే కుట్టుకున్నానన్నమాట.

నెల్లూరు టెక్నీషియన్:

బొట్టుబిళ్ళ జిగురులో ఉండే ఒక రసాయనం వల్ల తెల్లమచ్చ రావడం చర్మం డాక్టర్లకి బాగా తెలిసిన సంగతే. మా స్టిక్కర్ల జిగురు సాధారణంగా యాక్రిలేట్ రకం, అది వేరు. ఒకటి పడలేదని రెండోదీ పడదని అనలేం. కాని "నాకు అంటుకునేవి పడవు" అన్న మాట పెట్టే ముందే చెప్తే మేము సున్నిత చర్మానికి వచ్చే స్టిక్కర్లు తీస్తాం. అడిగితేనే తీస్తాం, అదీ నిజం, ధర ఎక్కువ. ఏది పడట్లేదో తేలాలంటే చర్మం డాక్టర్లు వీపు మీద రకరకాల పదార్థాల పట్టీలు వేసి రెండు రోజులు ఉంచి చూస్తారు, తీశాక ఇంకో రెండు రోజులకి మళ్లీ చూస్తారు. మీకు ఇప్పుడే అవసరం లేదేమో, మళ్లీ వస్తే మాత్రం చేయించుకోండి.

సిలికాన్ బారియర్ స్ప్రే అని మందుల షాపులో దొరుకుతుంది, స్పిరిట్ లేనిది అడగండి. చర్మం మీద పల్చటి పొరలా ఆరుతుంది, జిగురు దాని మీద పడుతుంది. కాని జెల్ తగిలే నడిమధ్యన వేయకూడదు, సిగ్నల్ రాదు. చుట్టూ రింగులా మాత్రమే. ఇంట్లో ప్రయత్నించకండి, తీసుకెళ్లి మాకివ్వండి.

సిల్క్‌బోర్డు బాధితుడు (బెంగళూరు):

అన్నా, మగవాళ్ల బాధ కూడా కాస్త రాయండి. నాకు పోయినేడు ఏడు రోజుల ప్యాచ్ పెట్టారు, వైర్లు లేనిది, ఎడమ వైపు పైన ఒకటే ముక్క. ఛాతీ నిండా జుట్టు. "జుట్టు తీసి రండి" అన్నారు. నేను పొద్దున్నే రేజరుతో గొరిగి, గడ్డానికి రాసుకునే ఆఫ్టర్‌షేవ్ అక్కడా రాసుకుని వెళ్లా. ప్యాచ్ పడిన నిమిషానికి కళ్లలో నీళ్లు తిరిగాయి. రేజరు వదిలిన కంటికి కనపడని గాట్లు, వాటి మీద స్పిరిట్, వాటి మీద జిగురు. నాలుగో రోజుకి వెంట్రుక కుదుళ్లలో చీము గుల్లలు. ఏడు రోజులూ ఉంచలేకపోయాను.

రెండోసారి ట్రిమ్మర్‌తో పొట్టిగా కత్తిరించారంతే, నున్నగా గొరగలేదు. ఏమీ రాలేదు. ఇంకోటి, మొదటి రోజు జిమ్‌కీ పరుగుకీ వెళ్లొద్దన్నారు. ఆ జిగురు నొక్కేకొద్దీ, గంటలు గడిచేకొద్దీ పట్టు పెంచుకుంటుందట, మొదటి రోజే చెమటతో తడిపితే ఇక ఆ పట్టు రాదు. మీ చెన్నైలో ఊరికే కూర్చున్నా జిమ్‌కి వెళ్లినట్టే కదా అక్కా, ఫ్యాన్ కింద ఉండండి.

నెల్లూరు టెక్నీషియన్:

బాధితుడు గారు రాసింది నూటికి నూరుపాళ్లు. ఇంట్లో రేజరు వద్దు, ట్రిమ్మర్ మా దగ్గర ఉంటుంది.

తీసేటప్పుడు సంగతి మర్చిపోయాను. పైకి లాగకండి. అంచు లేపి, చర్మానికి సమాంతరంగా వెనక్కి మడుస్తూ తీయాలి, ఇంకో చేత్తో చర్మాన్ని అదిమి పట్టుకోవాలి. వెంట్రుక ఏ వైపుకి ఉంటే ఆ వైపుకే. రాకపోతే గోరువెచ్చటి నీళ్లో, కొబ్బరినూనెలో అద్దిన దూదో అంచున పెట్టి రెండు నిమిషాలు ఆగండి. అవునక్కా, అంటించేటప్పుడు శత్రువైన నూనె తీసేటప్పుడు చుట్టం. మళ్లీ అక్కడే ఇంకో స్టిక్కర్ పెట్టాలంటే మాత్రం నూనె వద్దు, నీళ్లే.

48 గంటలంటున్నారు కాబట్టి ఒక రోజయ్యాక స్టిక్కర్లు మార్చడానికి రమ్మంటారేమో అడగండి. ఇంటికి ఇస్తే కవరు ముందే చింపి పెట్టుకోకండి, జెల్ ఆరిపోతుంది. మార్చిన టైము, దడ వచ్చినప్పుడల్లా రాసుకునే డైరీలోనే రాయండి. దురద పుడితే గోకకండి, స్టిక్కర్ కింద ఏ క్రీమూ దూర్చకండి. మంట ఓర్చుకోలేకపోతే, నీరు కారితే, మాకు ఫోన్ చేసి ఆ ఒక్కటి తీసేయండి, పరీక్ష పాడవుతుందని భయపడి ఒళ్లు పాడుచేసుకోకండి. ఛాతీనొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం లాంటివి జరిగితే డైరీ పక్కన పెట్టి 108కి ఫోన్ చేయండి. మిషన్ రికార్డ్ చేస్తుంది, కాపాడదు.

మిషనక్క (రెండు వారాల తర్వాత):

అందరికీ చెప్పాలని వచ్చాను. పాత పొక్కులు ఆరేదాకా ఆగి మొన్న మంగళవారం పెట్టించుకున్నా. ఆ ముందు రోజు నుంచి సబ్బు తప్ప ఏమీ ముట్టలేదు. మా అమ్మాయి "అమ్మా, నువ్వు నువ్వులా వాసన రావట్లేదు" అంది.

నాకోసం నేనే ఒక కాటన్ బ్లౌజు కుట్టుకున్నా. ముందు హుక్కులు, మెడ లోతు, చంక దగ్గర రెండంగుళాలు వదులు, ఎడమ పక్కన మిషన్ పెట్టుకోవడానికి జేబు. వైర్లు పోవడానికి కాజా కూడా తీశా. ల్యాబులో అమ్మాయి చూసి తనకొకటి కుట్టిపెట్టమంది. అక్కడే కొలతలు తీసుకున్నా.

ఈసారి ఆ అమ్మాయే పెట్టింది. "నాకు అంటుకునేవి పడవు, బొట్టుబిళ్ళ కూడా" అని చెప్పగానే లోపలికెళ్లి వేరే ప్యాకెట్ తెచ్చింది. గరుకు పట్టీతో రుద్దింది, స్పిరిట్ ఆరనిచ్చింది, నేను అడగాల్సిన పని లేకపోయింది. కింది స్టిక్కర్ పక్కటెముక మీదే పెట్టింది. పుస్తెలు పసుపుతాడుకి కట్టుకుని పైకి వేసుకున్నా. మా అత్తగారు చూసి, గొలుసు కుదువ పెట్టానేమోనని మా ఆయన్ని చాటుగా అడిగిందట.

బుధవారం వెళ్లి ఏడూ మార్పించుకున్నా. రెండు రోజులూ మధ్యాహ్నం మిషన్ తొక్కలేదు, ఫ్యాన్ కింద కూర్చుని హుక్కులు కుట్టుకున్నా. ఒక్కటీ ఊడలేదు. దడ నాలుగుసార్లు వచ్చింది, నాలుగుసార్లూ మిషన్ మీది బటన్ నొక్కి డైరీలో రాశా. ఒకసారి మా ఆయన రిమోట్ ఎక్కడా అని అరిచినప్పుడు కూడా నొక్కేశా, అది కొట్టేశా. గీతలు శుభ్రంగా వచ్చాయి. మధ్యలో అదనపు దెబ్బలు పడుతున్నాయట, భయపడేవి కావట, కాఫీ తగ్గించి మూడు నెలలకి రమ్మంది డాక్టరమ్మ.

ఈసారి చర్మం మీద ఎడమ భుజం కింద ఒక్క చోటే కాస్త దురద. పాత మచ్చలు రెండు మాత్రం రూపాయి బిళ్ళంత నల్లగా అలాగే ఉన్నాయి. ఇవి పోతాయా తమ్ముడూ?

నెల్లూరు టెక్నీషియన్:

పోతాయి, మన చర్మం రంగుకి నెలలు పడుతుంది. గోకకండి, సున్నిపిండితో రుద్దకండి, ఎండ తగలనివ్వకండి. కొత్తగా దురద పెట్టేది వారంలో తగ్గకపోతే ఒకసారి చర్మం డాక్టరుకి చూపించండి. ఇంకొక్క పని, మీ ఫైలు మొదటి పేజీ మీద "అంటుకునే ప్లాస్టర్లు పడవు" అని రాయించుకోండి. రేపెప్పుడైనా ఏ ఆపరేషన్‌కో వెళ్తే కట్టు కట్టేవాళ్లకి మీరు చెప్పే స్థితిలో ఉండకపోవచ్చు.

మిషనక్క:

రాయించుకోవడమెందుకు, నేనే రాసేశా. ఎర్ర స్కెచ్‌తో, తెలుగులో ఒకటి, తమిళంలో ఒకటి.